రెండు వందల పద్నాలుగో పేజీ

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ఆమెను అందరూ అన్నారమ్మ అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు లెండి, తోటివాళ్ళు తగిలించింది. ఏ వ్యాసం రాసినా ప్రతి వాక్యం చివర "అని ఫలానా వారు అన్నారు" అని రాసేది. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకుంటారని ఒకరన్నారు. కాదు, క్రమశిక్షణతోనే నేర్చుకుంటారని ఇంకొకరన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉందని మూడో ఆయన అన్నారు. ఇంతకీ మన అన్నారమ్మ ఏమందయ్యా అంటే, ఏమీ అనలేదు. ముగ్గురికీ తలొక దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంది.

ఇంట్లోనూ అదే వరస. అక్కా బావల దగ్గర ఉండి చదువుకుంటోంది. "కూర ఎలా ఉందే?" అని అక్క అడిగితే బావ మొహంలోకి చూసేది. బావ బాగుందంటే బాగుందనేది. బావ బస్సు డ్రైవరు, వేళాకోళం ఆయనకు ఊపిరి. "దీనికి ఆకలేసిందో లేదో కూడా మనమే చెప్పాలే" అని పడీపడీ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేసేది. పెద్దవాళ్ళ ఎదుట నోరెత్తకపోవడమే మంచితనమని చిన్నప్పటినుంచీ నూరిపోశారు పాపం. నూరిపోసిన వాళ్ళను ఏమనాలో నాకు నోటిదాకా వస్తోంది గానీ, కథ ముందుకు సాగాలి కదా!

పగలంతా ఆమె ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. ఉద్యోగం తాత్కాలికం. కాలేజీ సాయంత్రాలు. ఆ బడి హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే, కానీ మాట మాత్రం ముక్కుసూటిగా ఉంటుంది. ఒకరోజు గదిలోకి పిలిచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"చూడమ్మా, ఈ ఏడాది నీ డిగ్రీ పూర్తయితే మూడో తరగతి నీదే. పర్మనెంటు చేసేస్తాం. పూర్తి కాకపోతే సెలవుల తర్వాత ఇంకొకర్ని తీసుకోవాలి. నాకూ ఇష్టం లేదు, కానీ రూల్సు అవి."

డిగ్రీకి అడ్డం పడింది ఒక్కటే, ఏడాది చివర ఇవ్వాల్సిన పెద్ద వ్యాసం. అందులో అన్నారమ్మ రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పరీక్షకులు ఒకే మాట రాశారు: "ఇందులో రాసినవాళ్ళు కనపడటం లేదు." మూడోసారి తప్పితే ఇక ఇంటికే, కాలేజీ నాలుగో అవకాశం ఇవ్వదు. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం. పెన్సిలు చెక్కమని వరసగా వచ్చి నిలబడటం, తప్పు లెక్క చేసి కూడా ధీమాగా పలక ఎత్తి చూపించడం తలుచుకుంటేనే ఆమెకు కళ్ళు చెమర్చేవి. వాళ్ళను ఇంకెవరి చేతిలోనో పెట్టి వెళ్ళాలంటే ఆమెకు అన్నం సహించేది కాదు.

మూడోసారి వ్యాసం చూడటానికి కాలేజీ వాళ్ళు ఆమెను కత్తెర మేడంకు అప్పగించారు. మిగతా విద్యార్థులు "అయిపోయావు పో!" అన్నారు. కత్తెర మేడం సన్నగా, పొట్టిగా ఉంటుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ ఎవరి వ్యాసాన్నీ పెన్నుతో దిద్దదు. సొరుగులోంచి పెద్ద కత్తెర తీసి, కాగితాలను వాక్యం వాక్యంగా కత్తిరించి, బల్ల మీద రెండు కుప్పలు పోస్తుంది. ఎడమ చేతి వైపు ఇతరులు చెప్పినవి, కుడి చేతి వైపు రాసినవాళ్ళు చెప్పినవి.

అన్నారమ్మ రాసి తెచ్చిన ముప్పై కాగితాలూ ఆవిడ ఓపిగ్గా కత్తిరించింది. ఎడమ వైపు కుప్ప పెరిగి పెరిగి, ఫ్యాను గాలికి కింద పడటం మొదలుపెట్టింది. కుడి వైపు మూడే ముక్కలు మిగిలాయి. మేడం వాటిని ఏరి గట్టిగా చదివింది.

"'ఇప్పుడు రెండో భాగం చూద్దాం.' ఇదొకటి. 'పైన చెప్పిన విధంగా.' ఇదొకటి. 'అందరికీ కృతజ్ఞతలు.' ఇది మూడోది. ఏమ్మా, ఏడాదంతా కష్టపడి నువ్వు చెప్పదలుచుకున్నది ఇదేనా?"

అన్నారమ్మకు తల కొట్టేసినట్టయింది. "పెద్దపెద్దవాళ్ళు అన్నీ చెప్పేశాక నేనేం చెప్తాను మేడం?" అని నీళ్ళు నమిలింది.

"అన్నీ చెప్పేశారా? సరిగ్గానే చెప్పారా? ఎప్పుడైనా అడిగి చూశావా?"

"అడగటమా? వాళ్ళనా?"

"వాళ్ళనే. ఇదిగో, ఈ కుప్పలోంచి ఒక్క వాక్యం తీసుకో. నీకు ఎక్కడో మనసులో గుచ్చుకున్నది తీసుకో. అది ఎక్కడ పుట్టిందో, ఎవరు చూసి చెప్పారో, ఏం చూసి చెప్పారో కనుక్కుని రా. అప్పటిదాకా నాకు ఒక్క కాగితం కూడా చూపించకు."

అన్నారమ్మ ఎడమ కుప్పలో వెతికి ఒక ముక్క తీసింది. "ముందు బెంచీలో కూర్చునే పిల్లలు వెనక బెంచీ పిల్లలకంటే బాగా చదువుతారని పరిశోధనలో తేలింది." అదే ఎందుకు తీసిందంటే, చదువుకున్నన్నాళ్ళూ ఆమె కూర్చున్నది వెనక బెంచీలోనే. మొద్దు కావడం వల్ల కాదు, పొడుగు కావడం వల్ల. ముందు కూర్చుంటే వెనకవాళ్ళకు బోర్డు కనపడదని ప్రతి టీచరూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గోడ పక్కన కూర్చోబెట్టేవారు. వ్యాసంలో ఆ వాక్యం రాసినప్పుడల్లా ఆమెకు లోపల చిన్నగా మండేది. మండినా రాసేసేది, పెద్దలు అన్నారు కదా మరి!

ఇక చూడండి తిప్పలు. ఆ వాక్యం ఆమెకు దొరికింది కాలేజీ పాఠ్యపుస్తకంలో. రాసినాయన ఆ విద్యలో మహా పేరున్న మనిషి, అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో పాత పరిశోధన పేరొకటి రాసి, రెండు వందల పద్నాలుగో పేజీ చూడండి అన్నాడు. అంతకు ముందొచ్చిన పుస్తకం తీస్తే అందులోనూ అదే వాక్యం, అదే రెండు వందల పద్నాలుగో పేజీ. ఇంకా పాతది తీసింది. మళ్ళీ అదే. లైబ్రరీలో దుమ్ము పట్టిన పుస్తకాలన్నీ దించి చూసేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరిని కదిపినా రెండు వందల పద్నాలుగే. అసలు పరిశోధన మాత్రం ఆ లైబ్రరీలో లేదు.

"ఇన్నేళ్ళలో దాన్ని అడిగింది నువ్వొక్కదానివేనమ్మా" అన్నాడు లైబ్రేరియన్, కళ్ళజోడు తుడుచుకుంటూ. వేరే కాలేజీకి రాసి తెప్పిస్తానన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు గోధుమరంగు కవరులో అసలు పరిశోధన వచ్చింది.

కవరు చింపి చూసిన అన్నారమ్మ నోరెళ్ళబెట్టింది. అది పుస్తకం కాదు. పిన్నులు కొట్టిన పల్చటి బుక్లెట్. మొత్తం కలిపి నలభై పేజీలు.

మరి రెండు వందల పద్నాలుగో పేజీ ఏదయ్యా?

తిరగేసింది. ముందునుంచి చూసింది, వెనకనుంచి చూసింది. అట్ట కింద ఏమైనా దాక్కుందేమోనని కూడా చూసింది పిచ్చిది. నలభయ్యే. ఆ తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని మొదటినుంచి చదివింది. చివరి పేజీ మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఎందుకంటే ఆ పరిశోధకుడు పాపం ఎంతో జాగ్రత్తగా, ఎవరికీ అనుమానం మిగలకుండా ఇలా రాసుకున్నాడు: "ఈ తరగతిలో పిల్లలు ఎవరి చోటు వాళ్ళే ఎంచుకున్నారు. కాబట్టి ముందు కూర్చోవడం వల్ల చదువు వచ్చిందా, చదువు మీద ఆసక్తి ఉన్నవాళ్ళే ముందుకొచ్చి కూర్చున్నారా అన్నది ఈ పని వల్ల తేలదు."

తేలదు అన్నవాడి నెత్తిన తేలింది అన్న మాట రుద్దారు! ఒకాయన తప్పు చదివాడు, పేజీ సంఖ్య కూడా తప్పు వేశాడు. వెనక వచ్చినవాళ్ళంతా అసలును కళ్ళతో చూడకుండా, ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. శుద్ధ గొర్రెదాటు. లేని పేజీని అంతమంది చూసినట్టు రాశారంటే ఏమనాలి చెప్పండి!

అన్నారమ్మ పరుగున మేడం గదికి వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే, "మేడం, నేనే ఎక్కడో పప్పులో కాలేశాను" అంది.

మేడం బుక్లెట్ చూసింది, చదివింది. "ఎక్కడ వేశావు?"

"అదే తెలియట్లేదు మేడం. అంతమంది పెద్దవాళ్ళు తప్పు రాస్తారా?"

"ఇందులో ఎన్ని పేజీలున్నాయి?"

"నలభై."

"నా ఎదురుగా లెక్కపెట్టు."

ఆమె లెక్కపెట్టింది. నలభయ్యే వచ్చింది.

"ఇప్పుడు చెప్పు. పొరపాటు ఎవరిది?"

అన్నారమ్మ బుక్లెట్ వైపు చూసింది, మేడం వైపు చూసింది. "వాళ్ళది" అంది. చాలా చిన్నగా అంది గానీ, అంది. ఆ మాట అన్నాక ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. మేడం మొహంలో నవ్వు రావడం కాలేజీలో ఎవరూ చూడలేదంటారు, ఆరోజు అన్నారమ్మ చూసింది.

అక్కడినుంచి ఆమె రాతకు రెక్కలొచ్చాయి. ఇన్నాళ్ళూ అణిగి ఉన్న నోరు కదా, ఒక్కసారిగా తెరుచుకుంది. పెద్దలందరినీ కడిగి పారేసింది. "ఈ మహానుభావులంతా కళ్ళు మూసుకుని రాశారు" అని ఒకచోట. "కాబట్టి పిల్లలు ఎక్కడ కూర్చున్నా ఒకటే" అని ఇంకొకచోట. పట్టుకెళ్ళి గర్వంగా బల్ల మీద పెట్టింది. ఈసారి కుడి వైపు కుప్ప పెద్దదే అయింది. అయితే మేడం అందులోంచి ఈ రెండు ముక్కలూ ఏరి పక్కన పెట్టింది.

"కళ్ళు మూసుకుని రాశారని నీకెవరు చెప్పారు? పక్కన కూర్చుని చూశావా?"

"లేదు మేడం."

"పోనీ, ఎక్కడ కూర్చున్నా ఒకటేనని ఎలా తేల్చావు? ఏ తరగతిలో చూశావు?"

అన్నారమ్మ ఆ రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకుని మళ్ళీ చదువుకుంది.

"చూడమ్మా, వాళ్ళు చేసిన పనే నువ్వూ చేస్తున్నావు. నీ చేతిలో ఎంత సాక్ష్యం ఉందో అంతవరకే మాట్లాడు. దానికి ఒక్క అడుగు ఇవతలా ఆగకు, ఒక్క అడుగు అవతలికీ పోకు."

మొదట ఆమెకు రోషం వచ్చింది. దారి పొడుగునా లోలోపల మేడంతో పోట్లాడింది. ఇంటికెళ్ళి ఆ రెండు వాక్యాలనూ ఎన్ని రకాలుగా కాచి కాపాడదామన్నా నిలబడలేదు. చివరికి తన చేతులతో తనే కొట్టేసింది. ఆ తర్వాత వ్యాసం మొత్తాన్ని అలాగే నిలదీసింది. ప్రతి వాక్యాన్నీ "నీకెలా తెలుసు?" అని అడిగింది. జవాబు చెప్పినవి ఉన్నాయి, చెప్పలేనివి పోయాయి. పూర్తయిన వ్యాసం పొట్టిదే గానీ, ఎక్కడ పట్టుకున్నా గట్టిగా ఉంది.

వ్యాసం ఇచ్చాక వైవా ఉంటుంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాడు. పాసో ఫెయిలో అక్కడే తేలిపోతుంది. ఆ పరీక్షకుడెవరో తెలిసిన రోజున అన్నారమ్మ నోటీసులో పేరు రెండుసార్లు చూసుకుంది. ఇంకెవరు, పాఠ్యపుస్తకం రాసిన పెద్దాయనే!

విభాగం హెడ్డుగారు ఆమెను హడావుడిగా పిలిపించారు. "ఏమ్మా, నీకేమన్నా మతి పోయిందా? ఆయన పుస్తకంలో తప్పుందని ఆయన మొహం మీదే చెప్తావా? ఆయన అసలే కొరకరాని కొయ్య. ఆ భాగం తీసేసి మళ్ళీ ఇచ్చెయ్. ఇంకా గడువుంది. రెండుసార్లు తప్పావు, గుర్తుందిగా?" అన్నారు. హెడ్డుగారు చెడ్డవారేమీ కాదు, నిజంగానే ఆమె మేలు కోరి చెప్పారు.

ఆమె మేడం దగ్గరికి వెళ్ళి ఏం చేయమంటారని అడిగింది. మేడం సొరుగు మూసేసి, "వ్యాసం నీది. ఇది నన్ను అడగకు" అంది.

ఇంట్లో అక్క అయితే ఒంటికాలి మీద లేచింది. "తీసేస్తే నీ సొమ్మేం పోయిందే? ఉద్యోగం కంటే ఎక్కువా ఆ బెంచీల గోల? పాసయ్యాక కావాలంటే పోట్లాడుకో!" అంది. బావ వేళాకోళం మానేసి, "నీకేమనిపిస్తోందో నువ్వు చెప్పవే" అన్నాడు.

అన్నారమ్మ ఈసారి ఎవరి మొహంలోకీ చూడలేదు. "భయంగా ఉంది బావా. చచ్చేంత భయంగా ఉంది. ఆ పిల్లలు నా చేతిలోంచి పోతారేమోనని నిద్ర కూడా పట్టట్లేదు. కానీ అది నిజం. నేను కళ్ళారా చూశాను. చూసింది చూడలేదని ఎలా రాయను? నేను తీసెయ్యను" అంది. అక్క గోల ఆపి పక్కన కూర్చుంది. అలా మాట్లాడే చెల్లెల్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు మరి.

వైవా రోజు. పొడవాటి బల్ల, నీళ్ళ గ్లాసులు, కిటికీకి సగం వేసిన తెర. బల్లకు ఆ చివర పెద్దాయన, పక్కన హెడ్డుగారు, ఓ మూల కత్తెర మేడం. పెద్దాయన వ్యాసం తెరిచి, ఎంతకీ తల ఎత్తడు. హెడ్డుగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నారు.

"నేను ముప్పై ఏళ్ళనుంచి పాఠాలు చెప్తున్నాను" అన్నాడు పెద్దాయన చివరికి. "నా పుస్తకం నీకు పాఠ్యపుస్తకం. అవునా?"

"అవునండీ."

"అయితే ఆ పరిశోధనను నేను చదవకుండానే రాశానంటావు."

అన్నారమ్మకు భయమే. అయినా మాట తడబడలేదు. "మీరు చదివారో లేదో నాకు తెలియదండీ. నేనా మాట రాయలేదు. మీరు చెప్పిన పేజీ అందులో లేదని మాత్రమే రాశాను. మీరు చెప్పిన ఫలితం కూడా లేదని రాశాను." బుక్లెట్ తీసి ఆయన ముందు పెట్టింది. "మీరే చూడండి."

పెద్దాయన బుక్లెట్ అందుకున్నాడు. తీరిగ్గా తిరగేశాడు. చివరి పేజీ చదివాడు, మళ్ళీ చదివాడు. మొహం కందగడ్డలా అయింది. బుక్లెట్ బల్ల మీద పెట్టి ముందుకు వంగాడు.

"సరే. నా మాట తప్పనుకుందాం. అంటే పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటేనన్నమాట!"

హెడ్డుగారు కళ్ళు మూసుకున్నారు. అవునంటే అంతే సంగతులు, ఆ ఒక్క మాటతో వ్యాసమంతా కూలగొట్టడానికి పెద్దాయన కాచుకుని ఉన్నాడు.

"అది కూడా నాకు తెలియదండీ" అంది అన్నారమ్మ. "కూర్చునే చోటుకూ చదువుకూ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉందని ఈ పరిశోధన చెప్పలేదు. లేదని నేనూ చెప్పలేదు. తెలుసుకోవాలంటే పిల్లలకు చోట్లు మార్చి మార్చి చూడాలి. అది ఎలా చేయాలో నా వ్యాసం చివర రాశాను."

"చోటు మార్చితే పిల్లలు బెంగపెట్టుకుంటారు. అప్పుడు మార్కులు తగ్గితే తప్పు చోటుదా, బెంగదా?"

"మంచి ప్రశ్నండీ. అందుకే ఒక్కసారి కాదు, ఏడాదంతా అందరికీ మారుస్తూ ఉండాలి. అప్పుడు మారడం అలవాటైపోతుంది, బెంగ ఉండదు."

"అందరికీ మారిస్తే పోల్చి చూడటానికి ఎవరు మిగులుతారు?"

"ఏ పిల్లనైనా ఆ పిల్లతోనే పోల్చాలండీ. ముందున్నప్పుడు ఎలా ఉంది, వెనకున్నప్పుడు ఎలా ఉంది అని."

ఆయన అడిగాడు, ఆమె చెప్పింది. ఆయన కాదన్నాడు, ఎందుకు కాదో ఆమె అడిగింది. ఒకచోట ఆయన మాటే సరైనదైతే "ఇది నాకు తట్టలేదండీ, ఒప్పుకుంటున్నాను" అంది. ఇంకోచోట ఆయనే "ఊఁ, నిజమే" అన్నాడు. భయం ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. పెద్దవాళ్ళతో వాదించడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు.

పెద్దాయన వెనక్కి వాలాడు. ఉన్నట్టుండి బల్ల అదిరేలా నవ్వాడు.

"నేను దాన్ని చదవలేదమ్మా! మా గురువుగారి పుస్తకంలోంచి ఎత్తి రాశాను. ఆయన ఎవరి దాంట్లోంచి ఎత్తారో ఏమో. ముప్పై ఏళ్ళుగా ప్రతి క్లాసులోనూ గొంతు చించుకుని చెప్పాను. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు అడగలేదే!" అన్నాడు. పెన్ను తీసి వ్యాసం మొదటి పేజీ మీద సంతకం పెట్టి, హెడ్డుగారి వైపు తోశాడు. "పాసు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఈ ఏడాది నేను చూసినవాటిలో ఇదే మంచి వ్యాసం."

హెడ్డుగారు ఊపిరి వదిలి, నీళ్ళ గ్లాసు గటగటా ఖాళీ చేశారు. మూలనున్న మేడం లేచి వచ్చి, అన్నారమ్మ భుజం గట్టిగా పట్టుకుని వదిలింది. బయటికొచ్చిన అన్నారమ్మ వరండాలో అందరూ చూస్తుండగా ఎగిరి గంతేసింది. ఆ వెంటనే మెట్ల మీద కూలబడి వలవలా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. అక్కకు ఫోన్ చేస్తే అక్క అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చారట. బావ అయితే బస్సు డిపోలో అందరికీ చాటింపు వేశాడట.

కళ్ళు తుడుచుకుని ఆమె హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేసింది.

"పాసయ్యానండీ."

"అబ్బ, ఎంత చల్లటి మాట చెప్పావు తల్లీ! ఇక మూడో తరగతి నీదే. సెలవులయ్యాక నేరుగా పర్మనెంటు టీచరుగా వచ్చి సంతకం పెట్టు. ఆఁ, ఇంకో మాట. ఈసారి నుంచి పిల్లల్ని మార్కుల వరసన కూర్చోబెడదాం అనుకుంటున్నాం. బాగా చదివేవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక. పైనుంచి చెప్పారు, అదే మంచిదట."

అన్నారమ్మ మెట్ల మీద నుంచి లేచి నిటారుగా నిలబడింది. ఆ పొడుగంతా ఏనాడూ దాచుకోవాల్సింది కాదు.

"ఎందుకు మంచిదండీ?" అని అడిగింది.

అవతల హెడ్మిస్ట్రెస్ "అదేంటమ్మా... ఎందుకంటే..." అని ఆగి, "అవునూ, ఎందుకూ?" అంది.